సంఘంలో సభ్యత్వం, బడిలో మన హక్కులు: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మెగా డీఎస్సీ 2025 నోటిఫికేషన్‌లో మొత్తం 16,347 పోస్టులుంటే, జిల్లాల్లో ఎక్కువ వాటా ఉమ్మడి కర్నూలుదే. ఆదోని, కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి వైపు ఏళ్లుగా ఖాళీలతో నెట్టుకొచ్చిన బడులకు కొత్త టీచర్లు వచ్చారు. చాలామందికి ఇదే మొదటి ఉద్యోగం. బడిలో చేరీ చేరకముందే ఉపాధ్యాయ సంఘాలవాళ్లు సభ్యత్వ రశీదు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. వాళ్లతోపాటే సందేహాలూ వచ్చాయి. కాంప్లెక్సు మీటింగు అయ్యాక వరండాలో ఆపి అడిగినవి, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసి అడిగినవి ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను ఈ జిల్లాలో సంఘం పని చేసే టీచరును. ఫలానా సంఘంలోనే చేరండి అని చెప్పడానికి రాయడం లేదు. ఏదో ఒక సంఘంలో ఉండండి, ఉన్నాక ఊరికే ఉండకండి అన్నదే నా మాట.

సంఘంలో చేరడం తప్పనిసరా?

కాదు. చేరడం మీ ఇష్టం, చేరకపోవడం కూడా మీ ఇష్టమే. సంఘం పెట్టుకునే హక్కును, అందులో చేరే హక్కును రాజ్యాంగం 19(1)(సి) అధికరణ ఇచ్చింది. "ఆ సంఘంలో చేరితే నీకు ఇబ్బంది" అని హెచ్‌ఎం అన్నా, "మా సంఘంలో చేరకపోతే నీ బిల్లు కదలదు" అని ఇంకొకరన్నా, రెండూ తప్పే. బిల్లు పెట్టడం డీడీవో, అంటే జీతాలు డ్రా చేసే అధికారి బాధ్యత. దానికీ మీ రశీదుకూ సంబంధం లేదు.

ప్రొబేషన్‌లో ఉన్నాను. ఇప్పుడే చేరితే ఏమైనా అవుతుందా?

ఏమీ కాదు. ప్రొబేషన్ అంటే మూడేళ్ల నిరంతర కాలంలో రెండేళ్ల డ్యూటీ పూర్తి చేయడం. మీ పని, నడవడిక చూసి దాన్ని డిక్లేర్ చేస్తారు. గుర్తింపు ఉన్న సంఘంలో సభ్యత్వాన్ని నడవడికలో లోపంగా చూపే నిబంధన ఏదీ లేదు.

అసలు సంఘం అవసరం ఎక్కువగా ఉండేది ఈ రెండేళ్లలోనే. ఉద్యోగి ఐడీ రావడం, సీపీఎస్ (పింఛను పథకం) ఖాతాకు ప్రాన్ నంబరు రావడం, మొదటి జీతం బిల్లు ట్రెజరీ దాటడం, సర్వీసు రిజిస్టరు (ఎస్ఆర్) తెరవడం అన్నీ ఇప్పుడే. ఎస్ఆర్ గురించి ఒక మాట. మొదటి పేజీలు రాసేటప్పుడు దగ్గర కూర్చోండి. పుట్టిన తేదీ, ఇంటి పేరు స్పెల్లింగు, డీఎస్సీ మెరిట్ నంబరు, చేరిన తేదీతోపాటు ఉదయమా మధ్యాహ్నమా అన్నది కూడా మీ కళ్లతో చూసి సంతకం పెట్టండి. పదేళ్ల తర్వాత సీనియారిటీ జాబితాలో పేరు కిందికి పోయినప్పుడు ఈ పేజీయే మాట్లాడుతుంది. ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇన్ని సంఘాలున్నాయి. ఏది మంచిది?

ఎస్‌టీయూ 1947లో పుట్టింది, యూటీఎఫ్ 1974లో. ఏపీటీఎఫ్, పీఆర్‌టీయూ ఉన్నాయి. సామాజిక వర్గాల వారీగా, సబ్జెక్టుల వారీగా, భాషా పండితులకు, పీఈటీలకు వేరువేరు సంఘాలు ఉన్నాయి. పెద్ద సమస్య వచ్చినప్పుడు ఫ్యాప్టో లాంటి ఐక్యవేదికలో చాలా సంఘాలు కలుస్తాయి. ఒక్కోదానికీ ఒక్కో ఆలోచనా ధోరణి ఉంటుంది, దాచాల్సిన పనిలేదు.

నన్నడిగితే పైన రాష్ట్ర నాయకుల ఉపన్యాసాలు చూసి ఎంచుకోకండి. మీ మండలంలో ఆ సంఘం కార్యదర్శి ఎవరో చూడండి. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఆయన మాటకు విలువ ఉందా? ఫోన్ ఎత్తుతాడా? జీవో చదివి అర్థం చేసుకుని చెప్పగలడా, లేక "చూద్దాంలే సార్" అనేసి ఊరుకుంటాడా? పోయిన ఏడాది లెక్కలు సభలో చదివారా? ఈ నాలుగూ తేలితే జెండా రంగు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

మొహమాటానికి రెండు మూడు సంఘాల్లో రశీదు కోయించుకున్నాను. ఫరవాలేదా?

చట్టం అడ్డు చెప్పదు గానీ, చాలా సంఘాల నిబంధనావళి అడ్డు చెబుతుంది. మెమో వచ్చిన రోజు అందరూ "ఆయన వాళ్ల మనిషి కదా" అనుకుని పక్కకు తప్పుకుంటారు. స్నేహితుడు అడిగాడని కట్టడం మన జిల్లాల్లో మామూలే. కానీ ఓటు వేసేది, సమావేశానికి వెళ్లేది, పేరు చెప్పుకునేది ఒకచోటే ఉండాలి.

సభ్యత్వం కట్టాక నాకేమొస్తుంది?

చేతికి వచ్చేవి రశీదు, డైరీ, క్యాలెండరు, నెలనెలా పత్రిక. డైరీని తక్కువ చేయకండి. వెనక పేజీల్లో సెలవుల నిబంధనలు, పే స్కేళ్లు, జీవోల సారాంశం ఉంటాయి. స్టాఫ్ రూములో వాదన వచ్చినప్పుడు మొదట తెరిచేది దాన్నే.

చేతికి రానివే ఎక్కువ. పీఆర్సీ (వేతన సవరణ) మీద, బదిలీల నిబంధనల మీద, యాప్‌ల మీద ప్రభుత్వంతో కూర్చుని మాట్లాడేది గుర్తింపు పొందిన సంఘాలే. ఆ గుర్తింపు 2001 నాటి నిబంధనల కింద ప్రభుత్వమే ఇస్తుంది, అదే నిబంధనల కింద వెనక్కీ తీసుకోగలదు. 2023 జనవరిలో జీతాల ఆలస్యం మీద గవర్నరును కలిసిన ఒక ఉద్యోగ సంఘానికి, గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వెళ్లింది. సభ్యుల సంఖ్య తక్కువైతే అలాంటి నోటీసుకు ఎదురు నిలవడం కష్టం. మీ రశీదు పనికొచ్చేది అక్కడే.

రానిది కూడా చెప్పాలి. మీకు నచ్చిన బడికి బదిలీ రాదు. తప్పు చేస్తే శిక్ష తప్పదు. పిల్లవాణ్ణి కొట్టి "సంఘం చూసుకుంటుంది" అంటే ఏ సంఘమూ చూసుకోకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను దండనను పూర్తిగా నిషేధించింది.

మెమో వచ్చింది. ఏం చేయాలి?

అన్నింటికన్నా ఎక్కువ ఫోన్లు దీనికే వస్తాయి. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట ఆ కాగితం ఏమిటో చూడండి. మామూలు మెమోనా, షోకాజ్ నోటీసా, చార్జి మెమోనా? సీసీఏ రూల్స్ 1991 (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) ప్రస్తావన ఉందా, ఉంటే ఏ రూల్? 22 అంటే చిన్న శిక్షల దారి. 20 అంటే పెద్ద శిక్షల దారి, అంటే పూర్తి విచారణ. 20 కింద ఇచ్చే చార్జి మెమోతోపాటు ఆరోపణలు, వాటి వివరణ, ఆధారంగా చూపే పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఉండాలి. లేకపోతే వాటిని ఇప్పించమని రాతపూర్వకంగా అడగండి.

రెండోది, కాగితం తీసుకోను అనకండి. తీసుకుని, మీకు అందిన తేదీ వేసి సంతకం పెట్టండి. తీసుకోకపోతే బడి గోడకు అంటించి పోతారు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మూడోది సంజాయిషీ. గడువులోపే ఇవ్వాలి. గడువు చాలకపోతే అదనపు సమయం కోరుతూ గడువులోపే లేఖ పెట్టాలి. కోపంతో రాయొద్దు, భయంతోనూ రాయొద్దు. "ఇకపై ఇలా జరగదు, క్షమించగలరు" అని చాలామంది అలవాటుగా రాసేస్తారు. చేయని తప్పుకు అలా రాస్తే ఒప్పుకున్నట్టే. రాసింది పంపే ముందు మండల బాధ్యులకు చూపించండి. ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. వేయమంటే వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి.

ఒక ఉదాహరణ చెబుతాను. పశ్చిమ మండలాల్లో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. దీపావళి దాటాక సగం ఊరు సుగ్గికి పోతుంది, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి. పిల్లలూ వెంట పోతారు. రోల్ నిండుగా ఉంటుంది, హాజరు సగం ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి "హాజరు తక్కువ, విధుల పట్ల నిర్లక్ష్యం" అని మెమో ఇచ్చారు. టీచరు కొత్తమ్మాయి, ఏడుస్తూ ఫోన్ చేసింది. కూర్చుని సంజాయిషీ రాశాం. ఏ బిడ్డ ఏ తేదీన ఏ ఊరికి పోయిందో పట్టిక వేశాం. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్ సంతకం జతచేశాం. సీజనల్ హాస్టలు పెట్టమని మేడం అంతకు నెల ముందే ఎంఈవోకు ఇచ్చిన లేఖ కాపీ పైన పెట్టాం. ఆ లేఖే ఆమెను కాపాడింది. మెమో మీద తదుపరి చర్య ఏమీ రాలేదు, ఆ ఊళ్లో హాస్టలు గురించి చర్చ మొదలైంది.

అందుకే నేను పదే పదే చెప్పేది: సమస్య కనబడిన రోజే పైకి ఒక లేఖ పెట్టండి. వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టడం లేఖ పెట్టినట్టు కాదు.

విచారణలో నా పక్కన సంఘం నాయకుడు కూర్చోవచ్చా?

రూల్ 20 విచారణలో తోటి ప్రభుత్వ ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. సర్వీసు రూల్స్ తెలిసిన సంఘం సీనియర్లు ఈ పని చేస్తుంటారు. ప్రభుత్వం తరఫున లాయరు వస్తే తప్ప, లేదా క్రమశిక్షణాధికారి అనుమతిస్తే తప్ప, మీరు లాయరును తెచ్చుకోలేరు.

ఇక్కడ ఒక మోసం తరచుగా జరుగుతుంది. ఇంక్రిమెంటును "క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో" ఆపుతూ, విచారణ లేకుండా ఒక్క పేజీ ఆర్డరు ఇచ్చేస్తారు. అది రిటైరయ్యే దాకా జీతాన్ని, దాంతోపాటు మిగతా ప్రయోజనాలను తింటూ పోతుంది. అది పెద్ద శిక్షే అని, పూర్తి విచారణ లేకుండా వేయరాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఆర్డరులో ఆ రెండు పదాలు ఉన్నాయో లేవో తప్పక చూడండి. అప్పీలుకు గడువు ఆర్డరు అందిన నాటినుంచి 3 నెలలు. డీఈవో (జిల్లా విద్యాధికారి) ఇచ్చిన ఆర్డరయితే సాధారణంగా అప్పీలు కడపలోని ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకులు) ఆఫీసుకు వెళుతుంది.

సస్పెండ్ చేశారు. ఉద్యోగం పోయినట్టేనా?

లేదు. సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలంలో సగం జీతానికి సమానమైన సబ్సిస్టెన్స్ అలవెన్సు, దాని మీద డీఏ ఇవ్వాలి. మీరు ఇంకెక్కడా పని చేయడం లేదని ధ్రువీకరణ ఇస్తూ ఉండాలి. ఆలస్యానికి మీరు కారణం కాకపోతే తర్వాత ఆ మొత్తాన్ని పెంచవచ్చు కూడా. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క.

చార్జి మెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌ను 3 నెలలకు మించి లాగకూడదని 2015లో అజయ్‌కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రోజులు లెక్కపెట్టుకోండి. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు ఇంట్లోంచి బయటికి రారు, ఎవరితో మాట్లాడరు. సంఘం సభ్యులుగా మనం చేయాల్సిన మొదటి పని వాళ్లింటికి పోయి కూర్చోవడం. అది ఏ రూల్‌లోనూ రాసి లేదు, అయినా అన్నింటికన్నా ముఖ్యం.

ధర్నాకు, సమ్మెకు పోతే ఉద్యోగానికి ఇబ్బందా?

ఈ రెండూ వేరువేరు. పని వేళలు కాని సమయంలో, అనుమతి ఉన్నచోట శాంతియుతంగా నిరసన తెలపడం హక్కు. ప్రదర్శనలను గంపగుత్తగా నిషేధించడం చెల్లదని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పు సమ్మె హక్కు మాత్రం లేదంది. 2003లో టి.కె. రంగరాజన్ కేసు ఇంకా కఠినంగా వచ్చింది. తమిళనాడులో సమ్మె చేసిన ఉద్యోగులను, టీచర్లను లక్షల్లో తొలగించిన వ్యవహారం అది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టబద్ధ హక్కు గానీ లేదని కోర్టు చెప్పింది. మన ప్రవర్తనా నియమావళి 1964 కూడా సమ్మెను ఒప్పుకోదు. సమ్మె రోజులకు జీతం కోస్తారు, డైస్‌నాన్‌గా, అంటే సర్వీసులో లెక్కకు రాని రోజులుగా రాసే ప్రమాదమూ ఉంది.

మరి సమ్మె నోటీసులు ఎందుకిస్తారు అంటారు. 2022 సంగతి గుర్తు చేసుకోండి. పీఆర్సీ జీవోలతో హెచ్‌ఆర్‌ఏ తగ్గిపోతే, ఫిబ్రవరి 3న చలో విజయవాడకు వేలకు వేలు కదిలారు. దారిలో ఆపినా చేరుకున్నారు. సమ్మెకు నోటీసు ఇచ్చి ఉంది. ఇంకా సమ్మెలోకి దిగకముందే, 5వ తేదీ రాత్రి ప్రభుత్వం చర్చల్లో హెచ్‌ఆర్‌ఏ శ్లాబులు సవరించడానికి ఒప్పుకుంది. ఫిట్‌మెంటు 23 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆ ఒప్పందాన్ని ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు, నేనూ అది తొందరపాటు ఒప్పందమనే అనుకుంటాను. అయినా వీధిలోకి రాకపోతే ఆ మాత్రమూ వచ్చేది కాదు.

ధర్నాకు పోయే రోజు సీఎల్ (సాధారణ సెలవు) పెట్టి, మంజూరైందని చూసుకుని వెళ్లండి. సంతకం చేసి మధ్యలో వెళ్లిపోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ప్రభుత్వాన్ని విమర్శిస్తే?

ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడానికి, పార్టీ రాజకీయాల్లో పాల్గొనడానికి ఒప్పుకోదు. మన జిల్లాల్లో ఫార్వర్డ్ చేసిన ఒక్క పోస్టుతో సస్పెండైనవాళ్లు ఉన్నారు. "నేను రాయలేదు, ఫార్వర్డే చేశాను" అన్నది నిలబడదు. మీ సర్వీసు సమస్య మీద మాట్లాడాలంటే సంఘం లెటర్‌హెడ్ మీద, సంఘం పత్రికలో, సంఘం వేదిక మీద మాట్లాడండి. సంఘం ఉన్నది అందుకే. అభ్యర్థి స్టేటస్ పెట్టడం, పార్టీ కండువాతో ఫొటో దిగడం వద్దు.

బడి పని కాని పనులు చెబుతున్నారు. కాదనవచ్చా?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం టీచర్లకు మూడు బోధనేతర పనులే చెప్పాలి: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు. 2027 జనగణన పని వచ్చినప్పుడు కాదనలేం, కాదంటే జనగణన చట్టం కింద నేరం. ఓటర్ల జాబితా సవరణకు టీచర్లను సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లోనే వాడుకోవాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) పని ఉన్నవాళ్లు ఆ తీర్పు సంగతి గుర్తుంచుకోండి.

ఈ మూడింటిలోకి రాని పని చెబితే ఎదురు తిరిగి గొడవ పడవద్దు. "లిఖితపూర్వకంగా ఇవ్వండి సార్, చేస్తాను" అనండి. సగం పనులు అక్కడే ఆగిపోతాయి. కాగితం వస్తే దాన్ని మండల శాఖకు ఇవ్వండి, అది మీ ఒక్కరి గొడవగా ఉండదు. మరుగుదొడ్ల ఫొటోలు రోజూ యాప్‌లో పెట్టమన్నప్పుడు, ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు ఒక్కో టీచరు విడిగా అడిగితే మెమోనే వచ్చేది. సంఘాలన్నీ కలిసి అడిగితే చర్చ అయింది. సిగ్నల్ లేని ఊళ్లలో యాప్ పని చేయకపోతే స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు హెచ్‌ఎంకు లేదా ఎంఈవోకు లేఖ పెట్టండి. రిజిస్టరులో సంతకం మానకండి.

సెలవులు ఎన్ని?

సీఎల్ 15, స్పెషల్ సీఎల్ 7, మహిళలకు అదనంగా 5. వేసవి సెలవులు అనుభవిస్తాం గనక ఈఎల్ (ఆర్జిత సెలవు) ఏడాదికి 6 మాత్రమే. అర్ధజీతపు సెలవు ఏడాదికి 20. ప్రసూతి సెలవు 180 రోజులు, ఇద్దరు పిల్లల పరిమితిని 2025లో తీసేశారు. పిల్లల సంరక్షణ సెలవు సర్వీసులో 180 రోజులు, పితృత్వ సెలవు 15.

ప్రొబేషన్‌లో ఉన్న మహిళలకూ ప్రసూతి సెలవు వస్తుంది. డ్యూటీ రెండేళ్లు నిండడం మాత్రం ఆ మేరకు ఆలస్యమవుతుంది. "ప్రొబేషన్‌లో కడుపుతో ఉంటే ఎట్లమ్మా" అనే మాట ఏ హెచ్‌ఎం నోటి నుంచి వచ్చినా సంఘానికి చెప్పండి. ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

బడిలో వేధింపులు. సంఘానికి చెబితే బయట పడుతుందేమోనని భయం.

మీ భయం అర్థమవుతుంది. ఒంటరిగా బస్సు దిగి, రెండు కిలోమీటర్లు నడిచి పోయే బడుల్లో పనిచేసే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఇద్దరు ముగ్గురు టీచర్లున్న బడికి అది ఉండదు, కాబట్టి ఫిర్యాదు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళుతుంది. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, కారణం చూపితే ఇంకో 3 నెలలు పెంచగలరు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పేరు బయటపెట్టకూడదని చట్టమే చెబుతుంది. విచారణ జరుగుతుండగా బదిలీ గానీ, 3 నెలల దాకా సెలవు గానీ కోరే హక్కు మీకుంది.

సంఘంలో మగ నాయకుడితో చెప్పడం ఇష్టం లేకపోతే మహిళా బాధ్యులు ఎవరో అడగండి. మీ సంఘం జిల్లా కమిటీలో మహిళలు పేరుకే ఉంటే, అదే ఒక సమస్యగా తదుపరి సమావేశంలో లేవనెత్తండి. నిందితుడు మన సంఘం సభ్యుడైతే సంఘం ఎవరి పక్షం అని అడిగారు ఒక మేడం. ఫిర్యాదు చేసిన మనిషి పక్షం. దీంట్లో రెండో మాట ఉండకూడదు.

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాస్ కావాలంటున్నారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నా రాయాలా?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు, టెట్ లేకుండా ప్రమోషన్ మాత్రం రాదు. మైనారిటీ బడుల సంగతి విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. 2025 డీఎస్సీవాళ్లు టెట్‌తోనే వచ్చారు గనక ఈ బెంగ వాళ్లకు లేదు.

పాతవాళ్ల బాధ వేరు. 2010కి ముందు డీఎస్సీల్లో పరీక్ష రాసి, మెరిట్‌లో వచ్చి, వేలమంది పిల్లలకు అక్షరాలు దిద్దించినవాళ్లను మళ్లీ అర్హత నిరూపించుకోమనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, చట్ట సవరణ కోరుతూ సంఘాలు పోరాడుతున్నాయి. అయినా పోరాటం మీద భరోసా పెట్టి పుస్తకం పక్కన పెట్టకండి. చాలాచోట్ల కొత్త టీచర్లు సీనియర్లతో కూర్చుని చదివిస్తున్నారు. సంఘం చేయాల్సిన పనుల్లో ఇదీ ఒకటి.

బదిలీల్లో సంఘం సహాయం చేస్తుందా?

2025లో బదిలీల క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. ఒకే బడిలో టీచర్లు గరిష్ఠంగా 8 విద్యా సంవత్సరాలు, గ్రేడ్-2 హెచ్‌ఎంలు 5 విద్యా సంవత్సరాలు ఉండవచ్చు. పాయింట్లు, సీనియారిటీ, వెబ్ ఆప్షన్లు అన్నీ అందులోనే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య కొత్త జిల్లాలైనా, బదిలీల లెక్క ఉమ్మడి జిల్లాల మీదే నడుస్తోంది. సంఘం చేయగలిగింది తాత్కాలిక జాబితాలో మీ పాయింట్లు తప్పుంటే గడువులోపు అభ్యంతరం పెట్టించడం, ఆప్షన్లలో దారి చెప్పడం. పైరవీ చేయిస్తామన్న మాట ఎవరైనా అంటే, డబ్బు అడిగితే, ఆ మనిషి పేరు జిల్లా కమిటీకి రాసివ్వండి.

ఎస్జీటీలకు (ప్రాథమిక బడి టీచర్లకు) టీచర్ ఎమ్మెల్సీ ఓటు ఎందుకు లేదు?

రాజ్యాంగం 171వ అధికరణ సెకండరీ స్థాయికి తక్కువ కాని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకే ఆ ఓటు ఇచ్చింది. ప్రాథమిక బడి టీచరుకు లేదు. కడప, అనంతపురం, కర్నూలు కలిసిన పశ్చిమ రాయలసీమ నియోజకవర్గంలో స్కూల్ అసిస్టెంట్లు ఫారం 19తో నమోదు చేసుకోవాలి. పాత జాబితాలో పేరుందిలే అనుకోవద్దు, ప్రతిసారీ కొత్తగా జాబితా తయారవుతుంది. డిగ్రీ ఉన్న ఎస్జీటీలకు పట్టభద్రుల ఓటు ఉంటుంది, ఫారం 18.

ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను. నాకు ఏ హక్కులూ లేవా?

ఉన్నాయి. చెప్పేవాళ్లే తక్కువ. టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాదని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే లేబర్ కోర్టు దారి మూసుకుపోయింది. కానీ ఏపీ విద్యాచట్టం 1982లోని 79వ సెక్షను ప్రకారం ఆరోపణ చెప్పి, విచారణ జరపకుండా తీసేయకూడదు. ఇరవై మంది ఉన్న సంస్థ పీఎఫ్ కట్టాలి. గ్రాట్యుటీ టీచర్లకూ వర్తిస్తుంది, చట్ట సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి అమల్లోకి వచ్చినట్టు చేశారు. యాజమాన్యాలు కోర్టుకెళ్తే 2022లో సుప్రీంకోర్టు టీచర్ల పక్షమే తీర్పిచ్చింది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే తిరిగివ్వమని రిజిస్టర్ పోస్టులో లేఖ పంపండి. జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనండి. నియామక పత్రం ఇవ్వకపోయినా, ఆ ఖాతా వివరాలే మీరు అక్కడ పనిచేశారనడానికి సాక్ష్యం. ప్రభుత్వ టీచర్ల సంఘాలు ప్రైవేటు టీచర్ల సంగతి పట్టించుకోవడం చాలా తక్కువ. అది మారాలి.

పై అధికారులు వినకపోతే కోర్టుకే పోవాలా?

అంతకుముందు రెండు మెట్లున్నాయి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, నంబరు వస్తుంది. ఫైలు ఎక్కడుందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రుసుం మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. కదలని ఫైళ్లు ఈ దరఖాస్తుతో కదలడం చాలాసార్లు చూశాను.

ఇక కోర్టంటే, పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయ్యాక సర్వీసు కేసులన్నీ అమరావతిలోని హైకోర్టుకే. కర్నూలు బెంచి మీద 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అది వచ్చేదాకా కోసిగి టీచరయినా, హిందూపురం టీచరయినా అంత దూరం పోవాల్సిందే. అందుకే ఒకే సమస్య ఉన్న పదిమందిని కలిపి సంఘం ద్వారా కేసు వేయడం మేలు. ఖర్చు పంచుకోవచ్చు, భయం తగ్గుతుంది.

సంఘమే నన్ను పట్టించుకోకపోతే?

మండల కార్యదర్శికి సమస్యను రాసివ్వండి, నోటిమాటగా వద్దు. వారంలో కదలిక లేకపోతే అదే కాపీ జిల్లా ప్రధాన కార్యదర్శికి పంపండి. మండల మహాసభ రోజు తప్పకుండా వెళ్లి, అందరి ముందూ అడగండి. లెక్కలు చదవకుండా ఆమోదించమంటే చేయి ఎత్తకండి. నాయకులు మారాల్సి ఉందనిపిస్తే, ఎన్నికలప్పుడు నామినేషను వేయండి. కొత్తవాళ్లు, ముఖ్యంగా మహిళలు, మండల బాధ్యతల్లోకి రావడానికి ఏ సీనియారిటీ అక్కర్లేదు. ఏం చేసినా మారదని తేలితే రాజీనామా లేఖ ఇచ్చి, రశీదు తీసుకుని, ఇంకో సంఘంలో చేరండి. ఆ మధ్యకాలంలో మెమో వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ముందే చూసి పెట్టుకోండి.